నరముల నిగ్రహమును గుర్తించిన సర్ చార్లెస్ షెరింగ్టన్

శతాబ్ది సంచికకు ఒక మహనీయుని జీవితమును వ్రాసి ఇమ్మని సంపాదక వర్గమువారు నన్ను కోరినప్పుడు, మన ప్రాంతములో పనిచేసిన మిషనరీలలో ఎవరినో ఒకరిని గూర్చి వ్రాస్తానని వారు అనుకొని ఉంటారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. అందుకొరకు జగ్గయ్యపేట, నందిగామ వైపు సంఘముల పాత రిజిష్టర్లు ముందు వేసుకొని కూర్చున్నాను. బాప్తిస్మముల పుస్తకము, వివాహముల పుస్తకము దాటి భూస్థాపనల పుస్తకము వద్దకు వచ్చేసరికి నా చెయ్యి ఆగిపోయింది. వయస్సు అనే గడిలో ఏడు దినములు, తొమ్మిది దినములు, మరల ఎనిమిది దినములు. పేరు గడిలో పేరు లేదు. ఫలానివారి మగశిశువు, ఫలానివారి ఆడశిశువు అని మాత్రమే ఉంది. కారణము గడిలో కొన్నిచోట్ల ధనుర్వాతము అని, కొన్నిచోట్ల దవడ బిగింపు అని వ్రాసి ఉంది. కొన్నిచోట్ల ఏమీ లేదు.

ఆ వరుసలలో మా నాయనమ్మ మొదటి బిడ్డ కూడా ఉన్నాడు. పుట్టిన ఎనిమిదవ దినమున పోయాడు. మంత్రసాని కొడవలితో బొడ్డు కోసి, బూడిద అద్దిందట. వారము రోజులు చక్కగా పాలు త్రాగిన పిల్లవాడు ఒక ఉదయము రొమ్ము అందించబోతే దవడలు బిగించాడు. నోటిలో వ్రేలు పెట్టి తెరవబోతే ఇంకా బిగించాడు. సాయంత్రమునకు ఒళ్ళు విల్లులాగా వెనక్కు వంగిపోయింది. ఊరివారు బాలగ్రహమన్నారు, గాలి సోకినదన్నారు. నాయనమ్మ మాత్రము వాటిని నమ్మలేదు. ఆమె నమ్మినది అంతకంటె కష్టమైన సంగతి. బిడ్డ తన పాలు వద్దన్నాడనీ, తల్లిగా తనలో ఏదో దోషము చూచి నోరు మూసుకున్నాడనీ ఆమె అనుకుంది. తరువాత ఆరుగురిని కని పెంచినా, చనిపోయేవరకు ఆ మాట ఆమె మనస్సులోనుండి పోలేదు.

ఆ మాటకు సరియైన జవాబు ఆమె పుట్టకముందే ఒకరు కనుగొని ఉన్నారు. ఆయన పేరు సర్ చార్లెస్ స్కాట్ షెరింగ్టన్. డాక్టర్లకు, వైద్య విద్యార్థులకు ఆ పేరు బాగా తెలుసు. మన సంఘములలో తెలిసినవారు తక్కువ. అందుచేత మిషనరీని ప్రక్కన పెట్టి ఈయనను గూర్చి వ్రాయుటకు అనుమతి అడిగాను. సంపాదక వర్గమువారు దయతో ఒప్పుకున్నారు.

షెరింగ్టన్ 1857 నవంబరు 27న లండను నగరములోని ఇస్లింగ్టన్‌లో జన్మించారు. బాల్యము ఇప్స్‌విచ్ పట్టణములో కేలబ్ రోజ్ అనే శస్త్రవైద్యుని ఇంటిలో గడిచింది. ఆ ఇల్లు పుస్తకములతో, చిత్రములతో నిండి ఉండేదట. అక్కడ పాఠశాలలో ఆయనకు చెప్పిన ఉపాధ్యాయులలో ఒకరు కవి. ఆ ప్రభావము చివరిదాకా విడువలేదు. 68వ ఏట షెరింగ్టన్ తన సొంత పద్యముల సంపుటిని అచ్చు వేయించారు. మనిషి పొట్టివాడు, అయినా కేంబ్రిడ్జిలో కీస్ కళాశాల తరపున రగ్బీ ఆడేవాడు. సెయింట్ థామస్ ఆసుపత్రిలో వైద్యము, కేంబ్రిడ్జిలో మైకేల్ ఫాస్టర్ అనే గొప్ప ఆచార్యుని వద్ద శరీరధర్మ శాస్త్రము చదివాడు.

ఆయన జీవితమును నరముల వైపు త్రిప్పినది 1881లో లండనులో జరిగిన అంతర్జాతీయ వైద్య మహాసభ. మెదడులో ఒక్కొక్క పనికి ఒక్కొక్క స్థానము ఉన్నదా లేదా అని ఆ సభలో జర్మనీ నుండి వచ్చిన గోల్ట్స్, స్కాట్లండువాడైన ఫెరియర్ వాదించుకున్నారు. గోల్ట్స్ తాను శస్త్రచికిత్స చేసిన కుక్కను వెంట తెచ్చాడు. తరువాత ఆ కుక్క మెదడును పరిశీలించే పని కేంబ్రిడ్జివారికి అప్పగింపగా, లాంగ్లీ అనే పెద్దతో కలిసి యువకుడైన షెరింగ్టన్ ఆ పని చేశాడు. 1884లో అచ్చయిన ఆయన మొదటి వ్యాసము అదే.

వెంటనే ఆయన ప్రయోగశాలలో కూర్చుండిపోలేదు. 1885లో స్పెయిను దేశములో, మరుసటి సంవత్సరము ఇటలీలో కలరా చెలరేగినప్పుడు దానిని పరిశోధించుటకు వెళ్ళాడు. ఆ నమూనాలు తీసుకొని బెర్లిన్ చేరి మొదట విర్కో వద్ద, పిమ్మట సూక్ష్మజీవుల శాస్త్రమునకు పితామహుడైన రాబర్ట్ కాక్ వద్ద పనిచేశాడు. ఆ కాక్ ప్రయోగశాలలోనే 1889లో కిటసాటో అనే జపాను శాస్త్రజ్ఞుడు ధనుర్వాతపు సూక్ష్మజీవిని వేరుచేసి పెంచగలిగాడని ఇక్కడ గుర్తుంచుకుందాము.

1891లో లండనులోని బ్రౌన్ సంస్థకు ఆయన పర్యవేక్షకుడయ్యాడు. అది జంతువుల వ్యాధులను పరిశోధించే స్థలము. ఆ సంవత్సరమే ఎథెల్ రైట్ అనే ఆమెను వివాహము చేసుకున్నాడు. 1894లో ఆ ఇంటికి ఒక విచిత్రమైన అతిథి వచ్చాడు. నాడీకణములను సూక్ష్మదర్శినిలో చూచి చిత్రములు గీసిన స్పెయిను దేశపు కహాల్ ఆయనే. లండనులో ఉపన్యాసమునకు వచ్చి వీరింట బస చేసి, బయటకు వెళ్ళేటప్పుడల్లా తన గదికి తాళము వేసుకొని పోయేవాడట. గదిని చిన్న ప్రయోగశాలగా మార్చుకున్నాడని తరువాత తెలిసింది. ఇంటి ఇల్లాలు ఎంత సహించినదో మన పాస్టరమ్మలకు వేరే చెప్పనక్కరలేదు.

అదే 1894 సంవత్సరములో జరిగిన మరొక సంగతి ఈ వ్యాసమునకు ముఖ్యము. కంఠసర్పి, అనగా డిఫ్తీరియా, ఆ రోజులలో పిల్లల గొంతులో పొర కట్టి ఊపిరి ఆడనీయక చంపేది. గుర్రమునకు ఆ విషమును కొద్దికొద్దిగా ఎక్కించి, దాని రక్తములో పుట్టిన విరుగుడును రోగికి ఇచ్చే పద్ధతి బెర్లిన్‌లో కనుగొనబడింది. షెరింగ్టన్ తన మిత్రుడు రఫర్‌తో కలిసి బ్రౌన్ సంస్థలో ఒక గుర్రమును అలా సిద్ధము చేస్తున్నాడు. ఆ గుర్రమునకు ఇంకా పూర్తి మోతాదులు పడలేదు. అంతలో ససెక్స్ జిల్లాలో ఉన్న మేనల్లునికి, చిన్న పిల్లవానికి, కంఠసర్పి వచ్చినదని కబురు వచ్చింది. ఆ రాత్రి గుర్రము నుండి రక్తము తీసి, తేటను శుద్ధి చేసుకొని, తెల్లవారి రైలు ఎక్కాడు. వెళ్ళేసరికి పిల్లవాడు ఊపిరికి కొట్టుకుంటున్నాడు. స్థానిక వైద్యుడు ఆశ వదులుకున్నాడు. విరుగుడు ఎక్కించారు. పిల్లవాడు బ్రతికాడు, ఆరడుగుల మనిషియై మొదటి ప్రపంచ యుద్ధములో సైనికాధికారిగా పనిచేశాడు. ఇంగ్లండులో ఆ విరుగుడుతో బ్రతికిన మొదటివారిలో ఆ బాలుడు ఒకడు.

ఇక ఆయన అసలు పని. దీనిని కొంచెము నిదానముగా చెప్పనివ్వండి.

మోచేయి మడచి పాటల పుస్తకమును కళ్ళ దగ్గరకు తెచ్చుకుంటాము. చేతి ముందరి కండ ముడుచుకుంటుంది, వెనుక కండ వదులవుతుంది. ఇందులో వింతేమున్నది, ముందరి కండను మెదడు పిలిచింది, వెనుక కండను పిలువలేదు, కాబట్టి అది ఊరక ఉన్నది అని చాలా కాలము అందరూ అనుకున్నారు. గుండెకు వెళ్ళే ఒక నరమును ప్రేరేపిస్తే గుండె ఆగుతుందని 1845లోనే వేబర్ అనే జర్మన్ సోదరులు చూపారు. 1863లో సెచెనోవ్ అనే రష్యా దేశస్థుడు కప్ప మెదడులో కొంత భాగమునకు వెన్నుపామును అదుపు చేసే శక్తి ఉన్నదని చూపాడు. అయినా మనము నడిచేటప్పుడు, నమిలేటప్పుడు, కన్ను త్రిప్పేటప్పుడు ప్రతిసారీ ఆపుచేసే ఆజ్ఞ ఒకటి నరములలో పుడుతుందని ఎవరూ గట్టిగా రుజువు చేయలేదు.

షెరింగ్టన్ కంటితో మొదలుపెట్టాడు. కంటిని బయటి వైపుకు లాగుటకు ఒక కండ, లోపలి వైపుకు లాగుటకు మరొక కండ ఉన్నవి. ఒక కోతికి ఎడమ కంటిలో బయటి వైపుకు లాగే కండకు మాత్రము నరమును ఉంచి, తక్కిన కండలకు పోయే నరములను కోసివేశాడు. కన్ను ఎడమకు, బయటకు తిరిగిపోయింది. దానిని లోపలికి లాగగల కండ ఇక లేదు. అప్పుడు, రెండు కళ్ళను కుడి వైపుకు త్రిప్పే మెదడు స్థానమును ప్రేరేపించాడు. కుడి కన్ను కుడికి తిరిగింది. లాగేవాడు లేని ఎడమ కన్ను కూడా మెల్లగా నడిమికి వచ్చి నిలిచింది! ఎలా వచ్చింది? బయటి కండ వదిలివేసినందుచేత. దానిని ఊరక పిలువక మానితే అది ఎప్పటివలె బిగిసియే ఉండవలెను. వదులు అన్న ఆజ్ఞ వచ్చింది గనుకనే వదిలింది. ఇది 1893 నాటి మాట.

అక్కడ నుండి మోకాలికి వచ్చాడు. కుర్చీలో కూర్చుని కాలు వ్రేలాడవేసినప్పుడు డాక్టరు మోకాలి చిప్ప క్రింద చిన్న సుత్తితో కొడితే కాలు ముందుకు ఎగురుతుంది. తొడ ముందరి కండ ముడుచుకున్న ఆ క్షణములోనే తొడ వెనుక కండకు వదులు అనే ఆజ్ఞ అందుతుందని షెరింగ్టన్ చూపాడు. ఒకే కబురు వెన్నుపాము చేరి రెండుగా చీలుతుంది. ఒక పాయ తన కండను పనిలోకి దింపుతుంది. రెండవ పాయ ఎదురు కండను ఆపుతుంది. ఈ ఏర్పాటును ఆయన వరుసగా అనేక వ్యాసములలో, పదిహేనేళ్ళకు పైగా, పరీక్షించి స్థాపించాడు.

మన మెట్ట రైతులకు ఈ సంగతి బోధపరచుట కష్టము కాదు. నాగలి చాలు చివరకు వచ్చి మళ్ళేటప్పుడు రైతు ఏమి చేస్తాడు? ఎలపటి ఎద్దును అదిలిస్తాడు, దాపటి ఎద్దు పగ్గము బిగబట్టి నిలుపుతాడు. ఒకదానిని తోలి రెండవదానిని దాని ఇష్టమునకు వదిలితే నాగలి తిరుగదు, కాడి విరుగుతుంది. పగ్గము బిగబట్టిన చెయ్యి ఊరక ఉన్న చెయ్యి కాదు. ఇంకొక ఉదాహరణ పాస్టరేటు కమిటీలో ఉన్నది. తీర్మానమునకు చెయ్యి ఎత్తనివాడు వేరు, తీర్మానమునకు వ్యతిరేకముగా చెయ్యి ఎత్తినవాడు వేరు. షెరింగ్టన్‌కు ముందు శాస్త్రజ్ఞులు వదులైన కండను నిద్రపోయిన సభ్యునిగా లెక్కించారు. అక్కడ చెయ్యి ఎత్తబడి ఉన్నదని ఆయన చూపాడు.

ఈ చేతులెత్తే స్థలము ఎక్కడ? ఒక నాడీకణము మరొకదానితో అతుక్కొని ఉండదనీ, తాకేంత దగ్గరగా వచ్చి ఆగుతుందనీ కహాల్ చెప్పాడు. ఆ కూడలికి ఒక పేరు కావలసి వచ్చింది. తన గురువు ఫాస్టర్ పాఠ్యపుస్తకమును 1897లో తిరిగి అచ్చు వేసేటప్పుడు షెరింగ్టన్ దానికి సినాప్స్ అని పేరు పెట్టాడు. గ్రీకు పండితుడైన వెరాల్ సలహాపై, పట్టుకొను, పెనవేసుకొను అనే అర్థమున్న గ్రీకు మాట నుండి తీసిన పేరది. మనము నాడీసంధి అందాము. వెన్నుపాములోని ఒక్క నాడీకణము మీద వేలకొలది సంధులు ఉంటాయి. కొన్ని కానిమ్మంటాయి, కొన్ని ఆగుమంటాయి. ఆ కణము వాటినన్నిటిని కూడి తీసివేసి ఒక నిర్ణయమునకు వస్తుంది.

1895లో లివర్‌పూల్‌లో ఆచార్యుడైన తరువాత ఈ పని చాలా భాగము అక్కడ జరిగింది. 1904లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయములో ఇచ్చిన ఉపన్యాసములు 1906లో గ్రంథముగా వచ్చాయి. నరముల వ్యవస్థ శరీరమునంతటినీ ఒక్కటిగా ఎలా నడుపుతుందో ఆ గ్రంథము వివరిస్తుంది. నేటికీ వైద్య కళాశాలలలో దాని పేరు చెప్పుకుంటారు. ఇదంతా పిల్లుల మీద, కుక్కల మీద, కోతుల మీద చేసిన పని. ఈ మాట దాచుట న్యాయము కాదు. మత్తు ఇచ్చి, పెద్ద మెదడును తొలగించి, బాధ తెలియని స్థితిలో వెన్నుపాము పనిని ఆయన చూచేవాడు. మన సంఘములో కొందరికి ఇది కష్టముగా తోచవచ్చు, నాకూ తోచింది. అయితే మా నాయనమ్మకు చెప్పవలసిన జవాబు అక్కడనే దొరికింది.

మన తూర్పు కనుమల అడవులలో ముష్టి చెట్టు ఉంటుంది. దాని గింజ విషముష్టి. దాని దగ్గర చుట్టమైన చిల్ల చెట్టు గింజను అరగదీసి మురికి నీరు తేటపరచుట మన మునేటి, పాలేటి వైపు పెద్దలకు తెలుసు. ఒకే కుటుంబములో ఒకటి నీటిని శుద్ధి చేస్తుంది, ఒకటి ప్రాణము తీస్తుంది. విషముష్టి నుండి 1818లో ఫ్రాన్సువారు తీసిన విషము పేరు స్ట్రిక్‌నీన్. అది పడిన మనిషి చిన్న చప్పుడుకే, చిన్న తాకిడికే కట్టె వలె బిగుసుకుంటాడు. ధనుర్వాతపు రోగి కూడా అంతే. ఈ రెండు విషములు నరములను రెచ్చగొడతాయని అందరూ అనుకునేవారు. 1905లో షెరింగ్టన్ ఈ రెంటినీ పరీక్షకు పెట్టాడు.

ఆయన చూచినది ఇది. నోరు తెరవాలంటే దవడను మూసే కండలు ముందు వదలాలి. మెదడులో నోరు తెరిపించే స్థానమును ప్రేరేపిస్తే మామూలుగా ఆ కండలు వదిలి నోరు తెరుచుకుంటుంది. ధనుర్వాతపు విషము గాని, స్ట్రిక్‌నీన్ గాని ఎక్కిన తరువాత అదే స్థానమును ప్రేరేపిస్తే నోరు తెరుచుకోలేదు. ఇంకా గట్టిగా మూసుకుంది! వదులు అనే ఆజ్ఞ బిగించు అనే ఆజ్ఞగా మారిపోయింది. తెరిచే కండల కంటె మూసే కండలు ఎన్నో రెట్లు బలమైనవి గనుక, రెండూ కలిసి లాగినప్పుడు మూసేవే గెలుస్తాయి. వీపు కండలు పొట్ట కండల కంటె బలమైనవి గనుక ఒళ్ళు వెనక్కు విల్లువలె వంగుతుంది. ధనుస్సు పేరుతో మన పెద్దలు ఆ జబ్బుకు పెట్టిన పేరు ఎంత సరిగా ఉన్నదో చూడండి. ధనుర్వాతపు రోగి నోరు తెరవాలని ఎంత ప్రయత్నిస్తే అంతగా దవడ మూసుకుంటుందనీ, ఆ ప్రయత్నమే అతనికి హింస అవుతుందనీ షెరింగ్టన్ వివరించాడు.

వేదాంత కళాశాలలో చదివే రోజులలో ఈ భాగము నా కంటబడింది. ఆత్మను గూర్చి, శరీరమును గూర్చి ఒక పరీక్షకు చదువుతూ గ్రంథాలయములో తిరుగుతుంటే దొరికింది. రెండుసార్లు చదివి పుస్తకము మూసివేశాను. ఎనిమిది దినముల ఆ బిడ్డ పాలు వద్దనలేదు. రొమ్ము పెదవికి తగిలినప్పుడల్లా నోరు తెరవాలనే చూచాడు. తెరవాలని చూచిన ప్రతిసారీ అతని నరములు దవడను మూశాయి. తల్లి వ్రేలు పెట్టిన కొద్దీ బిగిసినది అందుకే. అప్పటికి మా నాయనమ్మ చనిపోయి రెండేళ్ళు అయింది.

షెరింగ్టన్ 1913లో ఆక్స్‌ఫర్డు చేరాడు. మరుసటి సంవత్సరము యుద్ధము వచ్చింది. విద్యార్థులు సైన్యమునకు వెళ్ళిపోయారు. 57 ఏళ్ళు దాటిన ఈ ఆచార్యుడు బర్మింగ్‌హామ్‌లో ఫిరంగి గుండ్లు చేసే కర్మాగారములో మామూలు కూలీగా చేరాడు. ఉదయము ఏడున్నరకు ఎక్కితే రాత్రి ఎనిమిదిన్నరకు దిగడము. శ్రమజీవులకు అలసట ఎలా కలుగుతుందో తెలుసుకొనవలెనంటే దూరము నుండి చూస్తే చాలదని ఆయన అభిప్రాయము. నాకు ఆయన బిరుదులన్నిటి కంటె ఈ సంగతి ఎక్కువగా నచ్చింది. బిరుదులకు లోటు లేదు. 1920 నుండి 1925 వరకు రాయల్ సొసైటీ అధ్యక్షుడు, 1922లో సర్ బిరుదు, 1924లో ఆర్డర్ ఆఫ్ మెరిట్. 1932లో, 75వ ఏట, ఎడ్గార్ ఏడ్రియన్‌తో కలిపి వైద్యశాస్త్రములో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ సందర్భమున చేసిన ప్రసంగమునకు ఆయన ఎంచుకున్న అంశము ఈ నిగ్రహమే. మరుసటి సంవత్సరము భార్య గతించారు.

శిష్యుల విషయములో ఆయన అదృష్టవంతుడు. పెన్సిలిన్‌ను మందుగా చేసిన ఫ్లోరీ, మెదడు శస్త్రచికిత్సలో పేరుపొందిన పెన్‌ఫీల్డ్ ఆయన వద్ద నేర్చినవారే. ఆస్ట్రేలియా నుండి 1925లో వచ్చిన జాన్ ఎకిల్స్ సంగతి క్రింద చెబుతాను.

ఆయన దైవభక్తిని గూర్చి మన పాఠకులు అడుగుతారు గనుక ఒక మాట. 1937-38లలో ఎడిన్‌బరోలో గిఫర్డ్ ఉపన్యాసములు ఇవ్వమని ఆయనను ఆహ్వానించారు. ప్రకృతిని బట్టి దేవుని గూర్చి ఏమి తెలుసుకొనవచ్చును అనేది వాటి విషయము. అవి 1940లో మానవుని స్వభావమును గూర్చిన గ్రంథముగా వెలువడ్డాయి. పదహారవ శతాబ్దపు ఫ్రెంచి వైద్యుడు ఫెర్నెల్‌ను తోడు తీసుకొని ఆయన ప్రకృతి అంతా తిరిగి చూశాడు. ప్రకృతిలో అద్భుతము ఎంత చూశాడో, మలేరియా క్రిమి వంటి వాటిలోని క్రూరత్వము కూడా అంతే చూశాడు. నరములు ఎలా పనిచేస్తాయో జీవితమంతా శోధించినా, వాటినుండి తలంపు ఎలా పుడుతుందో తనకు తెలియదని దాపరికము లేకుండా ఒప్పుకున్నాడు. మన విశ్వాస ప్రమాణమును ఆయన నోట నేను పెట్టను. ఆయన నిలిచిన చోట నేను నిలువలేను గాని, తెలియనిదానిని తెలియదని చెప్పినందుకు ఆయనను గౌరవిస్తాను. ప్రసంగపీఠము మీద ఆ మాట చెప్పుట నాకు ఇంకా అలవాటు కాలేదు.

చివరి సంవత్సరములలో కీళ్ళ జబ్బు ఆయన చేతులను వంకర చేసింది. బుద్ధి మాత్రము మందగించలేదు. 1952 మార్చి 4న ఈస్ట్‌బోర్న్‌లో, 94వ ఏట, గుండె ఆగి మరణించారు.

ఆ మరణమునకు ఏడు నెలల ముందు ప్రపంచము ఆ చివర న్యూజీలాండులోని డునెడిన్ పట్టణములో ఎకిల్స్ ఒక ప్రయోగము చేశాడు. నాడీసంధి వద్ద కబురు విద్యుత్తు రూపముననే దాటుతుందని, రసాయనము అక్కరలేదని ఎకిల్స్ ఎన్నో ఏళ్ళుగా వాదించేవాడు. నిగ్రహమునకు కూడా ఒక విద్యుత్ సిద్ధాంతము కట్టాడు. 1951 ఆగస్టులో బ్రాక్, కూంబ్స్ అనే సహచరులతో కలిసి వెంట్రుక కంటె ఎన్నో రెట్లు సన్నని గాజు సూదిని పిల్లి వెన్నుపాములోని ఒక్క నాడీకణములోనికి దించి, నిగ్రహపు కబురు వచ్చినప్పుడు లోపల ఏమి జరుగుతుందో కొలిచాడు. తన సిద్ధాంతము నిజమైతే మీటరు ఒక వైపుకు కదలాలి. అది రెండవ వైపుకు కదిలింది. ఆ కొలతలతోనే తన సిద్ధాంతము పోయిందని ఒప్పుకొని, రసాయన పక్షమునకు మారి, తన ఓటమిని తానే అచ్చు వేయించాడు. 1963లో నోబెల్ బహుమతి ఆయనకు వచ్చినది ఆ తరువాత సాగిన పనికే. ఎకిల్స్ భక్తిగల క్రైస్తవుడు; ఆత్మ ఉన్నదని చివరివరకు వాదించాడు. 1997లో మరణించాడు.

ఆ సూది చూపినది ఏమిటంటే, ఊరక ఉన్న నాడీకణము లోపలి భాగము బయటి కంటె సుమారు 70 మిల్లీవోల్టులు ఋణముగా ఉంటుంది. కానిమ్మనే కబురు వచ్చినప్పుడు ధన విద్యుత్తు గల సోడియము లోపలికి చొరబడి ఆ లోటును తగ్గిస్తుంది. ఒక హద్దు దాటితే కణము మ్రోగుతుంది. ఆగుమనే కబురు వచ్చినప్పుడు సంధి వద్ద వేరొక రసాయనము ఊరుతుంది. వెన్నుపాములో అది ముఖ్యముగా గ్లైసీన్ అని 1960ల దశకములో తేలింది. మెదడులో ఎక్కువగా గాబా అనేది. ఆ రసాయనము తగిలితే సన్నని ద్వారములు తెరుచుకొని, ఉప్పులో ఉండే క్లోరైడు తన ఋణ విద్యుత్తుతో లోపలికి వస్తుంది. కణము హద్దుకు దూరమవుతుంది, మ్రోగదు. స్ట్రిక్‌నీన్ ఆ ద్వారముల వద్ద అడ్డుపడి గ్లైసీన్‌ను తగలనీయదు. ధనుర్వాతపు విషము ఇంకా లోతైన పని చేస్తుంది. పుండు నుండి నరము వెంట వెన్నుపాము వరకు ప్రాకిపోయి, గ్లైసీన్, గాబాలను విడిచే కొసలలోనే దూరి, వాటిని బయటకు రానీయదు. పగ్గము పట్టిన చెయ్యి తెగిపోతుంది. రెండు ఎద్దులూ ఒక్కసారే లాగుతాయి.

ఆ క్రిమి విత్తనములు మట్టిలో, పశువుల పేడలో ఏళ్ళతరబడి బ్రతుకుతాయి. అందుచేత ఈ జబ్బును భూమి మీద నుండి తుడిచివేయుట సాధ్యము కాదు. కొడవలి అంచున, బొడ్డుకు అద్దిన బూడిదలో, పేడలో అది కాచుకొని ఉంటుంది. 1920ల దశకములో ఫ్రాన్సులో రమోన్ ఈ విషమును కోరలు తీసిన పాము వలె చేసి టీకాగా మార్చాడు. గర్భిణికి ఆ టీకా వేస్తే ఆమె రక్తములోని రక్షణ కడుపులోని బిడ్డకు చేరుతుంది. మన రాష్ట్రములో నవజాత శిశువుల ధనుర్వాతము అదుపులోనికి వచ్చినదని 2003లో నిర్ధారించారు, దేశమంతటా 2015లో. అదుపు అంటే ప్రతి జిల్లాలోను వెయ్యిమంది సజీవ శిశువులకు ఒకటి కంటె తక్కువ అని అర్థము. ఇన్ని వేల ఊళ్ళలో అది సాధించినది ఆసుపత్రి కాన్పులు, శుభ్రమైన బ్లేడు, ఇంటింటికి తిరిగిన ఏ.ఎన్.ఎమ్.లు, తరువాత ఆశా కార్యకర్తలు. వారిలో మన సంఘపు ఆడబిడ్డలు ఎందరో ఉన్నారు. ఈ సంచికలో వారి ఫోటో ఒకటి వేయవలసినదని సంపాదకులకు మనవి చేశాను.

గర్భిణులకు ఇప్పుడు వేసేది టి.టి. కాదు, టి.డి. అందులో ధనుర్వాతముతో పాటు కంఠసర్పికి కూడా రక్షణ కలిపి ఉంటుంది. షెరింగ్టన్ ఆ ఆదివారము రైలులో పట్టుకొని పోయిన విరుగుడు ఏ జబ్బుకో, లివర్‌పూల్‌లో దవడల వద్ద ఆయన శోధించిన విషము ఏ జబ్బుదో, ఆ రెంటినీ ఆపేది ఒకే సూది. మొన్న నందిగామ దగ్గర ఒక పల్లెలో బాప్తిస్మమునకు తెచ్చిన పాప తల్లి కార్డు చూపమని అడిగాను. రెండు మోతాదులూ పడ్డాయి. పాప చక్కగా నోరు తెరిచి ఏడ్చింది.

నేను అభిషేకము పొందిన తరువాత భూస్థాపనల పుస్తకములో ఆ కారణము క్రింద ఏ శిశువును గూర్చి వ్రాయవలసిన అవసరము ఇంతవరకు రాలేదు. మా నాయనమ్మ బిడ్డ ఉన్న వరుసలో కారణము గడి ఖాళీగా ఉంటే, సంఘ పెద్దల అనుమతితో పెన్సిలుతో ధనుర్వాతము అని వ్రాశాను. పేరు గడి అలాగే ఉంచాను.